గోవర్ధనము క్రింది కర్రలు

శ్రీకృష్ణుడు గోవర్ధనమును చిటికెనవ్రేలిపై ఎత్తి నిలిపినప్పుడు గోపకులు తమ చేతికర్రలను కూడ కొండకు ఆనించి నిలిచిరని మన చిత్రకారులు చిత్రింతురు, హరికథకులు చెప్పుదురు. ఆ ఘట్టము వచ్చినప్పుడు సభలో నవ్వు పుట్టుట వాడుక. కొండను మోయువాడు స్వామి. కర్రలు మోయుచున్నవనుకొనుట అమాయకుల భ్రమ. భక్తిమార్గమున ఆ నవ్వునకు అర్థమున్నది. కాని నిజముగ కొండక్రింద నిలిచి బ్రదుకుతెరువు చూచుకొను జనులు మన తెలుగునేలపైననే కలరు. వారు తరతరములుగా తలపైని రాతికి కర్ర ఆనించియే పనిచేసిరి. ఆ కర్ర భ్రమ కాదు. అది మోయునదేమి, మోయనిదేమి, ఎట్లు మోయును, ఎంతవరకు మోయును అనునది యొక శాస్త్రము. ఆ శాస్త్రము తెలియకపోయినచో పోవునది ప్రాణము.

గోదావరీలోయలో బొగ్గున్నదన్న సంగతి 1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ వలన వెల్లడియైనది. ఆయన దానిని యిల్లందు ప్రాంతమున కనుగొనెను. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కన్ కంపెనీ గని హక్కులను పొందగా 1889లో త్రవ్వకము మొదలయ్యెను. సమీపగ్రామమైన సింగరేణి పేరు ఆ బొగ్గునకు స్థిరపడినది. 1920లో అదియే కంపెనీ పేరును అయినది. తరువాత బెల్లంపల్లి, కొత్తగూడెము, మందమఱ్ఱి, రామగుండము గనులకు నెలవులైనవి. ఆ ప్రాంతపు జనులు ‘గని’ అనరు, ‘బొగ్గుబాయి’ అందురు. బాయి దిగుట యనగా అక్కడ ఉద్యోగము చేయుట.

ఈ బాయిలో బొగ్గు ఎట్లు తీయుదురో తెలియనిదే కర్ర సంగతి తెలియదు. బొగ్గు భూమిలో పొరగా పరచుకొని యుండును. ఆ పొరలో నిలువునను అడ్డమునను సొరంగములు త్రవ్వి, నడుమ చదరపు దిమ్మలను విడిచిపెట్టుదురు. ఉండవల్లి గుహాలయమును చూచినవారికి ఈ పద్ధతి సులభముగ బోధపడును. అందలి స్తంభములు ఎక్కడనుండియో తెచ్చి నిలిపినవి కావు; చుట్టును తొలువగా మిగిలినవి. బొగ్గుదిమ్మలును అట్టివే. శిల్పి దేవునికొరకు మిగిల్చెను. గనివాడు తన తలకొరకు మిగుల్చుకొనుచున్నాడు.

ఇక ఒక లెక్క చూతము. రాతి బరువు ఘనమీటరునకు సుమారు 2.5 టన్నులు. 300 మీటర్ల లోతున నున్న గనిలో కప్పునందలి ప్రతి చదరపు మీటరుపైని 750 టన్నుల భారమున్నదన్నమాట. 15 సెంటీమీటర్ల లావుగల దుంగ యెంత గట్టిదైనను కొన్ని పదుల టన్నులకు మించి మోయజాలదు. కావున కొండను మోయుచున్నది కర్ర కాదు. సొరంగము త్రవ్వినంతనే పైభారము కమానువలె తిరిగి ఇరుప్రక్కల దిమ్మలపైకి పోవును. దిమ్మయే ఇక్కడ స్వామి చిటికెనవ్రేలు.

అయినచో కర్రకు పనియేమి? కమాను క్రిందిభాగమున, సొరంగమునకు సరిగా పైన, కొద్దిపాటి రాతిపొర మిగులును. దానిని పైవైపున పట్టియుంచునది బలహీనము. క్రిందివైపున ఏమియు లేదు. ఆ పొర ఒక మీటరు మందము గలదనుకొందము. నాలుగుదిక్కుల 1.2 మీటర్ల ఎడముతో కర్రలు నిలిపినప్పుడు ఒక్కొక్కదాని పాలికి వచ్చు బరువు సుమారు 3.6 టన్నులు. ఇది కర్ర అవలీలగా మోయగల బరువు. మోయువారు లేనిచో మనుష్యుని చంపుటకు చాలిన బరువు. మనిషి చచ్చుటకు కొండ పడనక్కరలేదు. గుమ్మపు తలుపంత పలక చాలును. భారతదేశపు భూగర్భ బొగ్గుగనులలో మరణములకు పెద్ద కారణముగ చిరకాలము నిలిచినది ఈ కప్పుకూలుటయే. గోపకుల కర్రలు కొండను మోయలేదు, నిజమే. కాని కొండనుండి ఊడిపడు పెళ్ళను ఎవరాపవలెను?

గనివారు ఈ కర్రను ఇంగ్లీషున ‘ప్రాప్’ అందురు. మన కావ్యభాషలో ‘ప్రాపు’ అను మాట కలదు. దానికి అండ, ఆశ్రయము అని అర్థము. రాజుల ప్రాపు, పెద్దల ప్రాపు అని వినుచుందుము. ఈ రెండు మాటలకును చుట్టరికము లేదు. అయినను తెలుగు చెవికి రెండవ అర్థము తోపక మానదు. కావున ఈ వ్యాసమున ప్రాపు అనియే వ్రాయుచున్నాను.

కట్టెకు ఒక దిక్కున బలము, మరియొక దిక్కున బలహీనత. చెట్టు పెరిగిన దిక్కున నారలు నిలువుగ సాగియుండును. ఆ నిలువుననే బరువు పడినచో కట్టె మిక్కిలి గట్టిది; అడ్డముగ పడినచో ఆ బలములో కొద్దిభాగమే మిగులును. అందుచేత ప్రాపును నారనిలువున నిలుపుదురు. అయినను పొట్టికర్ర చెడు తీరు వేరు, పొడుగుకర్ర చెడు తీరు వేరు. పొట్టిది నలిగి చెడును. పొడుగుది నలుగకమునుపే నడుము వంగి చెడును. ఈ రెండవ దానికి లెక్క కట్టినవాడు స్విట్జర్లండున పుట్టిన గణితవేత్త ఆయిలర్. 1744లో ఆయన ప్రకటించిన సూత్రమును బట్టి, సన్నని స్తంభము పొడవు రెట్టింపైనచో దాని ఓపిక నాలుగవ వంతునకు దిగును. పొడవు మారక వ్యాసము రెట్టింపైనచో ఓపిక పదునారు రెట్లగును. బొగ్గుపొర మందముగ నున్నచోట పొడుగైన సన్నకర్ర యేల పనికిరాదో దీనివలన తెలియును. పొడుగు పెరిగినకొలది లావు పెరుగవలెను.

అట్లు గట్టికర్రను తెచ్చినంత మాత్రమున చాలదు. నిలుపుట యందే అసలు విద్య యున్నది. ఈ పని చేయువాడు టింబర్‌మన్. అతడు మొదట కప్పును కొట్టి చూచును. అంగడిలో కుండ కొను ఇల్లాలు వ్రేలితో తట్టి, చెవి యొగ్గి, బీటవారిన దానిని ప్రక్కకు పెట్టదా? అదేవిధముగ అతడు ఇనుపమొన గల కోలతో రాతిని తట్టును. ఖంగుమన్నచో గట్టిది, డొల్లుమన్నచో పైపొరతో పొత్తు విడిచినది. విడిచిన పెళ్ళలను గడ్డపారతో దూరమునుండి పడగొట్టి, తరువాత నేల శుభ్రముచేయును. బొగ్గుపొడిపైని నిలిపిన ప్రాపు నిలిచినట్లే యుండి బరువు పడగానే దిగబడును. కావున అడుగు గట్టినేల తగులవలెను. కప్పునకును నేలకును ఉన్న ఎత్తు కొలిచి, దానికంటె కొంచెము తక్కువగ దుంగను కోసి నిలిపి, తలపైని అడ్డముగ ఒక బల్లచెక్కను పెట్టి, సందున చీల బిగించి సుత్తితో కొట్టును. చీల బిగిసినప్పుడు కర్ర మ్రోత మారును. ఆ మ్రోతయే పని పూర్తియైనదని చెప్పును.

ఈ బిగింపు లేనిచో ప్రాపు అలంకారమే. ఏలయన పొర ఊడివచ్చిన తరువాత ఆపుట కష్టము, ఊడకమునుపు పట్టుట సులభము. మొదటిపొర కొద్దిగ జారెనా, దానికిని పైపొరకును నడుమ సందు ఏర్పడును; అప్పుడు పైపొరకు క్రింది అండ పోవును. అదియు జారును. నేడు మూడున్నర టన్నులు మోయు పని యైనది రేపు పదిటన్నులగును. ఆలస్యముగ వచ్చిన ప్రాపునకు ఆ పని తలకు మించినది. అందుచేతనే ఆధారములేని కప్పుక్రింద ఎంతదూరము పోవచ్చునో, ప్రాపునకును ప్రాపునకును ఎంత ఎడముండవలెనో గనుల నియమములు ముందుగ నిర్ణయింపజేయును. 1957 నాటి బొగ్గుగనుల నియమావళి సొరంగము వెడల్పు 4.8 మీటర్లకును, ఎత్తు 3 మీటర్లకును మించరాదని హద్దు పెట్టెను. కాగితముపైని ఇవి పొడి అంకెలు. కాని చేతిలో తట్టయు, ఎదుట రాలిన బొగ్గును, దినమునకు ఇన్ని టబ్బులని లెక్కయు ఉన్నవానికి ‘మొదట ప్రాపు, తరువాత బొగ్గు’ అనుట ఎంత కఠినమైన నియమమో ఊహింపవచ్చును.

దుంగలు ఒంటరిగ చాలనిచోట నలుచదరముగ కట్టెలను రెండేసి చొప్పున, ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డముగ పేర్చి కప్పువరకు లేపుదురు. దీనిని ‘చాక్’ అందురు. ఇందులో బరువు నారకు అడ్డముగ పడును. అనగా కట్టెను దాని బలహీనమైన దిక్కుననే వాడుట. ఇది తెలియక చేసిన పని కాదు. చాక్ నలుగుచు, అణగుచు, వెడల్పున బరువును పంచుకొనుచు నిలుచును. ప్రాపువలె నడుము విరుగదు. కొన్ని దేశములలో ప్రాపు అడుగుకొనను కావలెననియే చెక్కి సన్నము చేయుదురు. బరువు హెచ్చినప్పుడు ఆ కొన కుంచెవలె విచ్చుకొని నలుగును, పైభాగము నిలిచియుండును. బలము తగ్గించి ఆయువు పెంచుట యన్నమాట. మొక్కై వంగనిది మ్రానై వంగునా అని మన సామెత. గనిలో మాత్రము మ్రాను మ్రానుగానే వంగవలెను, లేనిచో విరుగును. పైని కొండ దిగదలచిన కొద్ది సెంటీమీటర్లను ఆపగల పదార్థము లోకమున లేదు. దిగునంత దిగనిచ్చి, పగులనీయక పట్టుటయే విద్య.

కట్టెలోని గొప్పగుణము ఇంకొకటి యున్నది. అది పలుకును. బరువు హెచ్చుకొలది నారలు ఒక్కొక్కటిగ తెగుచు చిటపటమనును. మొదట తలపైని బల్లచెక్క నలుగును. అది కంటికి కనబడును. తరువాత ప్రాపు మూలుగును; అది చెవికి వినబడును. విరుగుట ఆ తరువాత. ఈ వ్యవధి ఒక్కొక్కప్పుడు గంటలు, ఒక్కొక్కప్పుడు క్షణములు. ఆ క్షణములలో పనిముట్లు విడిచి పరుగెత్తినవారు బ్రదికిరి. పాతకాలపు గనివారు ఇనుమును వెంటనే నమ్మకపోవుటకు కారణమిదియే. పోతఇనుము మౌనముగ మోయును, మౌనముగనే పగులును. కట్టె తక్కువ మోసినను చెప్పి పోవును.

ఈ విద్య నిన్నటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము గనుల కొరకు ఆకరాధ్యక్షుడను అధికారిని చెప్పుచున్నది. ఒకప్పటి హైదరాబాదు రాజ్యములో చేరిన రాయచూరు సీమలోని హట్టి బంగారుగనిలో, పూర్వుల త్రవ్వకములనుండి దొరికిన కట్టెలకు కార్బను పరీక్ష చేయగా సుమారు రెండువేల యేండ్లనాటివని తేలినది. ఐరోపాలో అగ్రికోలా అను జర్మన్ వైద్యుడు గనులవిద్యపై లాటిన్‌లో వ్రాసిన మహాగ్రంథము 1556లో, ఆయన మరణించిన మరుసటియేట, వెలువడెను. సొరంగమునకు ఇరువైపుల రెండు దుంగలు నిలిపి, పైని దూలము వేసి, వెనుక పలకలు పరచు విధమును ఆయన వివరముగ వ్రాసెను. దానిని 1912లో భార్యతో కలిసి ఇంగ్లీషున అనువదించినవాడు హెర్బర్టు హూవర్ అను గనుల ఇంజనీరు. ఆయనయే తరువాత అమెరికా అధ్యక్షుడైనాడు.

కట్టెకు రాయికంటె చిన్న శత్రువులు వేరు కలవు. గనిలోని గాలి వెచ్చనిది, తడి నిండినది. కట్టెలో తడి పెరిగినకొలది బలము తగ్గును; పచ్చికట్టె కంటె చక్కగ ఆరినకట్టెకు నిలువుబరువు మోయుశక్తి ఇంచుమించు రెట్టింపు. తడికి తోడు బూజు చేరును. పైకి దుంగ దుంగవలెనే కనబడుచు లోపల బెండగును. నేడు నిలిపిన ప్రాపును నమ్మవచ్చును; ఏడాది క్రితము నిలిపినదానిని మరల తట్టి చూచిన తరువాతనే నమ్మవలెను. ఈ చీడకు మందు కనిపెట్టినవారిలో పేరులోనే తెలుగుదనము గల సొంటి కామేశము ఒకరు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయమున పనిచేయుచు ఆయన 1933లో రాగి, క్రోమియము, ఆర్సెనిక్ లవణములను కలిపి కట్టెలోనికి ఎక్కించు పద్ధతిని కనిపెట్టెను. ‘ఆస్కు’ అను పేర అది దేశదేశములకు వ్యాపించి, తంతిస్తంభములను, కట్టడపు కట్టెలను చెదలనుండియు బూజునుండియు కాపాడెను. దానిలోని ఆర్సెనిక్ విషమగుటచేత అమెరికాలో 2003 తుదినుండి ఇండ్లలోని కట్టెకు దానిని వాడుట మానివేసిరి. మందునకు దోషమున్నను, కట్టెకు ఆయువు పోసిన తొలివారిలో మనవాడొకడున్న సంగతి మన పాఠ్యపుస్తకములలో కనబడదు.

గనికి కట్టె యొక్కరోజు అవసరము కాదు. అడవి గనిలోనికి దిగుచునే యుండవలెను. మొదటి ప్రపంచయుద్ధమున ఓడలు రాక, గనుల ప్రాపులకు సయితము కట్టె కఱవైన బ్రిటన్, 1919లో అడవులు పెంచుటకు ప్రత్యేకముగ ఫారెస్ట్రీ కమిషన్‌ను నెలకొల్పవలసివచ్చెను. తూర్పుభారతపు గనులకు సాలవృక్షము ప్రాపు. మన గోదావరీతీరపు గనులకు చుట్టునున్న అడవులు ప్రాపు. కోట్ల సంవత్సరములకు పూర్వమెప్పుడో మునిగిన అడవి బొగ్గైనది. దానిని పైకి తెచ్చుటకు నేటి అడవి క్రిందికి పోయినది.

గనిలో అన్నిటికంటె గండమైన పని ప్రాపును నిలుపుట కాదు, తీయుట. సొరంగములు ముగిసిన తరువాత విడిచిన దిమ్మలను కూడ వరుసగా తీయుదురు. తీసినచోట కప్పు కూలవలెను. కూలక విశాలముగ వ్రేలాడినచో ఆ బరువంతయు మిగిలిన దిమ్మలపై పడును. ఒక్కసారిగ కూలినప్పుడు పుట్టు గాలిదెబ్బ మనుష్యులను విసరివేయును. కావున నిన్నటివరకు తన ప్రాణము కాచిన ప్రాపును తన చేతితోనే తొలగింపవలెను. అందుకు గొలుసు తగిలించి దూరమునుండి లాగు సిల్వెస్టర్ అను సాధనము కలదు. గొలుసు పొడవే అక్కడ ఆయువు పొడవు.

ఇప్పుడు కాలము మారినది. సింగరేణి బొగ్గులో అధికభాగము నేడు పైనుండి త్రవ్వు ఓపెన్‌కాస్ట్ గనులనుండి వచ్చుచున్నది. భూగర్భ గనులలోను దుంగకు బదులు ఉక్కుబోల్టు ప్రధానమైనది. కప్పులోనికి నిలువుగ రంధ్రము చేసి, ఉక్కుకడ్డీని చొప్పించి, సిమెంటుతోనో రెజిన్‌తోనో బిగింతురు. దీని రహస్యము మన తాళపత్ర గ్రంథములను చూచినవారికి చెప్పనక్కరలేదు. విడియాకు చేతిలో వంగిపోవును. ఆకులన్నిటిని పేర్చి, కదలనీయక బిగించికట్టినచో కట్ట అంతయు ఒక పలకవలె నిలుచును. దూలము బలము మందముయొక్క వర్గమును బట్టి పెరుగును. కావున విడివిడి పొరలను కుట్టి ఒక్కటి చేసినచో కప్పు తన్ను తానే మోసికొనును. ప్రాపు క్రిందనుండి పట్టును; బోల్టు లోపలినుండి కుట్టును. దారికి అడ్డము లేదు, బూజు భయము లేదు, అడవి నరుకనక్కరలేదు. ఈ మార్పును కాదనువాడు తెలివిగలవాడు కాడు.

కాని బోల్టు పలుకదు. రాతిలో దాగిన ఉక్కు ఎంత బరువు మోయుచున్నదో కంటికి కనబడదు, చెవికి వినబడదు. కావున కప్పులో అమర్చి, పొర జారినకొలది పచ్చ, పసుపు, ఎరుపు గుర్తులను చూపు సాధనములను పెట్టుచున్నారు. పూర్వము కట్టె తానే చేసిన పనిని ఇప్పుడు వేరొక పరికరము చేయవలెను. దానిని చూచువాడు ఒకడుండవలెను. చూచినవాడు పనిని ఆపగలవాడై యుండవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను మిగిలిన రెండును వ్యర్థము. 2022 మార్చిలో రామగుండము ప్రాంతపు అడ్రియాల గనిలో కప్పుకూలి ముగ్గురు మరణించిరి. అది యంత్రములతో నడచు ఆధునికమైన గని. యంత్రము పెరిగినంతనే కొండ తన స్వభావమును మార్చుకొనదు.

గోపకుల కర్రలను చూచి నవ్వుట మానుదమని నేను చెప్పను. హరికథలో ఆ నవ్వు అందమైనదే. కాని గనివానికి మాత్రము తన కర్ర యే బరువుకొరకు నిలిచినదో తెలియును. కొండను మోయుదునన్న గర్వము అతనికి లేదు. తలపైని మీటరు మందము పొరను, తన పాలి మూడున్నర టన్నులను, ఊడకమునుపే పట్టవలెను. పట్టినదానిని రేపు మరల తట్టి వినవలెను. కప్పును తట్టుటకు పట్టు రెండు నిమిషములను ఉత్పత్తి లెక్కలో నష్టముగ వ్రాయు గనిలో ఉక్కు పెట్టినను కట్టె పెట్టినను ఒకటియే.